వెనక సీట్లో ఎలుగుబంటి

"కనుమ దిగేదాకా నేను బ్రేకు ముట్టలేదు. ఉపదేశిని, ఒట్టు పెట్టగూడదు గాని, పెట్టినట్టే అనుకోండి" అని సంజీవరావు మొదలుపెట్టినాడు.

పందొమ్మిదొందల ముప్పై ఆరో సంవత్సరం దసరా సెలవులు. కంభం మిషను బడి వరండాలో అందరం చేరి ఉన్నాము. పొద్దున్నుంచి ఒకటే ముసురు. చెరువు కట్ట మీద జంట సైకిళ్లు వరుసగా పోవాల్సిన రోజు అది. కట్ట మీద బంకమన్ను చక్రాలకు పట్టుకుంటుందని పెద్దలు ఆపేసినారు. నాలుగు సైకిళ్లూ గోడకు ఆనించి ఉన్నాయి. చూరు నీళ్లు వాటి సీట్ల మీద పడతా ఉంటే ఒకరు లేచి తాటాకు తెచ్చి కప్పినారు. బయటికి పొయ్యేదానికి లేదు, ఇండ్లకు మళ్లేదానికి లేదు. అట్లాంటప్పుడు సంజీవరావు నోరు తెరవకుండా ఎట్ల ఉంటాడు?

ఈ జంట సైకిళ్ల సంగతి కొంచెం చెప్పాల. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా ఊళ్లకు పంపినాడు గదా అని, పాత మిషను దొరగారు చెన్నపట్నం నుంచి ఇద్దరు తొక్కే సైకిళ్లు తెప్పించినాడు. మార్కాపురానికి ఒకటి, కంభానికి ఒకటి, గిద్దలూరికి ఒకటి, పొదిలికి ఒకటి. ముందు సీటులో ఊరూరా వాక్యం చెప్పే ఉపదేశి, వెనక సీటులో బడి అయ్యవారు. హ్యాండిలు, బెల్లు, బ్రేకు అన్నీ ముందాయన చేతిలోనే. వెనకాయనకు పట్టుకోను ఒక ఇనప కమ్మీ, తొక్కను పెడళ్లు, అంతే. ఏటా దసరా సెలవుల్లో ఎనిమిది మందీ కంభంలో కలిసి, కట్ట మీద సైకిళ్లు తొక్కి, ఒక పూట కలిసి తిని పోతారు. మేం ఆడవాళ్లం వంటకు వస్తాము.

గిద్దలూరు సైకిలుకు ముందాయన సంజీవరావు. ఆయన వెనక తొక్కిన మోషే అయ్యవారు ఆరేండ్ల కిందట కనుమలో సైకిలు మీద నుంచి పడి, మూడో రోజు ఆసుపత్రిలో పోయినాడు. ఆయన భార్య కరుణమ్మ అప్పటి నుంచి ఈ బడి బోర్డింగులోనే వంట చేసుకొని బతుకుతా ఉంది. ఆ పొద్దు కూడా వరండా చివర మూడు రాళ్ల పొయ్యి మీద బెల్లం టీ కాస్తా ఉంది. సంజీవరావు కథ ఆమె ఏటేటా వింటానే ఉంది. మొదటి ఏడు ఆ కథలో ఎలుగుబంటి దారి పక్కన నిలబడి చూసింది, అంతే. రెండో ఏడు వెంటపడింది. నాలుగో ఏటికి సైకిలు ఎక్కింది. ఊళ్లో మోషే అయ్యవారి పేరు పోయి 'ఎలుగుబంటికి సీటిచ్చినాయన' అనే పేరు మిగిలింది. బోర్డింగు పిల్లోళ్లు కరుణమ్మ కూతురు ప్రేమకుమారి నడుస్తా ఉంటే వెనక నుంచి ఎలుగుబంటి మాదిరి గుర్రుమంటారు. ఆ పిల్ల నీళ్లకు పోవాలంటే అందరూ పోయినాక పోతుంది. కరుణమ్మ 'మా ఆయన అట్లాంటోడు కాదు' అని ఒకరిద్దరి దగ్గర అని చూసింది. నవ్వినారు. మానుకుంది.

"నంద్యాలలో ప్రార్థన కూటాలు ముగించుకొని నేనూ మోషే తిరుగుదారి పట్టినాం" అన్నాడు సంజీవరావు. గోడకు ఆనుకొని కాళ్లు చాపుకొన్నాడు. "పొద్దు బారెడెక్కింది. ఇప్పపూలు రాలే కాలం, అడివంతా తియ్యటి వాసన. కనుమ ఎక్కాలంటే మామూలు మనుషులు సైకిలు దిగి నెట్టుకుంటా పోతారు. ఏం దావీదూ, మీ పొదిలోళ్లు నెడతారా లేదా?"

"నెడతాము. ఏం చేస్తాము మరి" అన్నాడు దావీదు.

"మేం నెట్టలేదు. కూచునే తొక్కినాం. పైన ఫారెస్టు గార్డు చూసి, అయ్యా ఇది సైకిలా, పొగ లేని రైలా అన్నాడు. నువ్వే చూడు నాయనా అని బెల్లు కొట్టి దాటుకున్నా. అక్కడి నుంచి దిగుడు. దిగుడంటే ఏంది అనుకున్నారు? ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, నడుమ తొమ్మిది మలుపులు. ఎంతటోడైనా బ్రేకు పడతాడు. నేను పట్టలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఎలుగుబంటి వచ్చింది" అన్నాడు నిత్యానందం. మార్కాపురం సైకిలుకు వెనకాయన అతను. కథ నోటికి వచ్చు.

"ఉండవయ్యా, ముందు రైలు రావాల" అన్నాడు సంజీవరావు.

అందరూ నవ్వినారు. వాన చప్పుడు కొంచెం హెచ్చింది. ఒక గొర్రెల కాపరి గొంగడి తల మీద వేసుకొని వరండా మెట్టు ఎక్కి, ఒక పక్కగా నిలబడినాడు. ఆయన గొర్రెలు బడి ప్రహరీ వెంబడి ముద్దగా చేరినాయి. "వాన నిలిచేదాకా నిలబడతా అమ్మా" అన్నాడు. పేరు అడిగితే యల్లయ్య అన్నాడు. చెరువు లోపల గడ్డి బాగుందని దిగువమెట్ట దిక్కు నుంచి తోలుకొని వచ్చినాడంట.

"రైలు వస్తా ఉంది కింద. గుంటూరు పాసింజరు. డ్రైవరు ఆంగ్లో ఇండియను, మొహం దొండపండు మాదిరి ఎర్రగా ఉంది. నన్ను చూసి కూత వేసినాడు. నేను బెల్లు కొట్టినా. అతను బొగ్గు వేయించినాడు, నేను కాళ్లు ఆడించినా. కిటికీల్లో జనం తలకాయలు బయట పెట్టి ఉపదేశి గెలవాల అని కొందరు, రైలు గెలవాల అని కొందరు. టిక్కెట్టు కొన్నోళ్లు గదా పాపం, రైలు దిక్కే ఉండాల. సొరంగం కాడికి వచ్చేసరికి ఇద్దరం సమానం. సొరంగంలో ఇద్దరికీ చోటు లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరే, పెద్దది గదా, దాన్నే పోనీ అని నేను కొండ మీదుగా తొక్కినా. రైలు అవతల పక్క బయటికి వచ్చేసరికి నేను పట్టాల పక్కన బొరుగులు తింటా ఉన్నా."

"బ్రేకు పట్టలేదంటివే. ఎట్ల ఆగితివి?" అన్నాడు దావీదు.

"ఆగినానని ఎవరు చెప్పినారు? తింటా పోతా ఉన్నా."

నిత్యానందం తొడ మీద కొట్టుకున్నాడు. కరుణమ్మ పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. తడి పుల్లలు, పొగ తప్ప మంట లేదు. ఆమె కండ్లు తుడుచుకుంటే పొగకేనని ఎవరూ పట్టించుకోలేదు.

"అట్ల పోతా ఉంటే మలుపులో ఇప్పచెట్టు. చెట్టు కింద ఎలుగుబంటి. ఇప్పపూలు తిని మత్తు మీద ఉంది. లేచి నిలబడితే మన చర్చి తలుపంత ఎత్తు. మోషే చూసినాడు. అన్నా ఎలుగు అని ఒక్క కేక వేసి, సీటు మీద నుంచి దూకినాడు. పాపం బడి అయ్యవారు, పలకా బలపం తప్ప తెలీని మనిషి, ఏం చేస్తాడు" అని సంజీవరావు గబగబా ఆ ముక్క దాటినాడు. ఏటేటా ఆ ముక్క దగ్గర ఆయన నోరు తొందర పడుతుంది. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనక బరువు పోయేసరికి సైకిలు తుళ్లడం మొదలుపెట్టింది. ఇంక లోయే గతి అనుకున్నా. అంతలో ధబ్బుమని వెనక సీటు మీద బరువు పడింది. హమ్మయ్య, మోషే మళ్లా ఎక్కినాడు అనుకున్నా."

"తిరిగి చూసుకోలేదా?" అన్నాడు దావీదు.

"ముందాయన వెనక్కి చూడగూడదయ్యా. చూస్తే హ్యాండిలు వంకర పోతుంది. బైబిల్లో లోతు భార్య వెనక్కి చూసి ఏమైంది? ఉప్పు స్తంభమైంది. చూడకుండానే, మోషే దెబ్బ తగిలిందా అన్నా. గుర్రుమన్నాడు. గొంతు పట్టిందేమో అనుకున్నా. సరే తొక్కు అన్నా. తొక్కినాడు చూడూ! మోషే ఎనిమిదేండ్లు నా వెనక తొక్కినాడు గాని ఏనాడూ అట్ల తొక్కలేదు. చైను ఎర్రగా కాగి పొగలొస్తా ఉంది."

"ఎలుగుబంటికి పెడళ్లు అందుతాయా సంజీవన్నా?"

"నీకే అందుతా ఉన్నాయి గదా."

దావీదు పొట్టిమనిషి. అందరితో పాటు తనూ నవ్వి, "సరే, తొక్కింది అనుకుందాం. మరి పాట సంగతేంది? వెనకాయన దారి పొడుగునా పాడతా ఉండాల. పాట వినపడితేనే గదా ముందాయనకు వెనక మనిషి ఉన్నాడని తెలిసేది. దొర పెట్టిన పద్ధతి అది" అన్నాడు.

"పాడింది! ఎందుకు పాడలేదు? మూడో చరణం దాకా పాడింది. పల్లవి కాడ కొంచెం శ్రుతి తగ్గింది, అంతే. మన నిత్యానందం కన్నా నయం. ఆ పాటకు పులి ఒకటి దారి మీదికి వచ్చి, సైకిలు మీద ఎలుగుబంటిని చూసి, కులం చెడిపోయిందని సిగ్గుపడి పొదల్లోకి పోయింది. అంతలో దారి తెగిపోయి ఉంది. ముందర లోయ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎగిరినాం. అబద్ధమంటే మీ ఇష్టం, ఎగిరినాం. గాలిలో ఉండి చూస్తే ఇదిగో ఈ చెరువు అద్దం బిళ్లంత కనబడింది, దానవతల మార్కాపురం గుడి గోపురం, ఇంకా అవతల పొదిలి కొండ. దావీదూ, మీ ఇంటి ముందర మీ ఆవిడ సజ్జలు చెరుగుతా ఉంది. చెయ్యి ఊపినా. చూసుకోలేదు."

"ఇంటికి పోయి అడుగుతాలే" అన్నాడు దావీదు.

"అడుగు. అక్కడి నుంచి నేరుగా గిద్దలూరులో దొరసాని బంగళా ముందర దిగినాం. అప్పటికీ నేను వెనక్కి చూసింది లేదు. దొరసాని కండ్లద్దాలు లోపల పెట్టి బయటికి వచ్చింది. నన్ను చూసింది, నా వెనక చూసింది. చూసి ఏమనిందో తెలుసా? మోషే, రేపు ఆదివారం, గడ్డం గీయించుకొని రా అనింది!"

వరండా దద్దరిల్లింది. నిత్యానందం పక్కకు ఒరిగిపోయినాడు. నేనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా. అప్పుడే కరుణమ్మ టీ గిన్నె దించి, గ్లాసుల్లో పోసి తెచ్చి ఒక్కొక్కరి ముందర పెడతా వచ్చింది. సంజీవరావు ముందర కూడా పెట్టింది. ఆయన గ్లాసు అందుకొని, ఆమె మొహం చూడకుండా, మెట్టు కాడ నిలబడిన కాపరి దిక్కు తిరిగినాడు.

"వీళ్లు నమ్మరు గాని, నువ్వు చెప్పు పెద్దాయనా. కనుమ దిక్కు నుంచి వచ్చినావు గదా. ఆ అడివిలో ఎలుగులు ఉన్నాయా లేవా?"

"లేకేం అయ్యోరా. ఉండాయి" అన్నాడు యల్లయ్య.

"వింటిరా!" అన్నాడు సంజీవరావు.

యల్లయ్య గోడ కాడి సైకిళ్లనే చూస్తా ఉన్నాడు. "నువ్వు చెప్పిన సైకిలు ఇందులో ఉందా?" అని అడిగినాడు. దావీదు చూపించినాడు. యల్లయ్య దగ్గరికి పోయి, తాటాకు ఎత్తి, వెనక సీటు మీద చెయ్యి పెట్టి చూసినాడు.

"అయితే నేను నిన్ను చూసినా అయ్యోరా" అన్నాడు. "ఆరేండ్లయింది. ఇప్పపూల కాలమే. నా గొర్రెలు దారికి అడ్డంగా ఉంటే బెల్లు కొట్టుకుంటా వచ్చినావు. రెండు సీట్ల సైకిలు నేను అదే మొదలు చూడడం. అందుకే మర్చిపోలేదు."

సంజీవరావు మొహం వెలిగిపోయింది. "సాక్షి దొరికినాడబ్బా! చెప్పు పెద్దాయనా, వెనక సీట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"ఎవరూ లేరు అయ్యోరా. నువ్వు ఒక్కడివే. పెద్దగా మాట్లాడుకుంటా పోతా ఉంటివి. ఏం మోషే, నిజమా కాదా అంటివి. నీకు నువ్వే నవ్వుకుంటివి. వెనక చూస్తే పెడళ్లు వాటంతట అవే తిరగతా ఉండాయి. పాపం, మతి పోయినాయన అనుకుంటి." యల్లయ్య ఎగతాళికి చెప్పడం లేదు. చూసింది చూసినట్టు చెప్తా ఉన్నాడు. "తర్వాత గొర్రెల్ని పైకి తోలుకొని పోతే, కోసెడు దూరం ఎక్కినాక, మైలురాయి పక్కన ఒక మనిషి పడి ఉండాడు. తెల్ల గుడ్డలు. తల రాయికి కొట్టుకొనింది. ఒళ్లు పట్టుకుంటే కాలిపోతా ఉంది, జ్వరం. చలికి వణకతా ఉంటే నా గొంగడి కప్పి కూచున్నా. మధ్యాన్నానికి వెదురు బండ్లు వస్తే ఎక్కించి పంపినా. ఆయన ఏమైనాడో నాకు తెలీదు. బతికినాడా?"

అందరూ కరుణమ్మ దిక్కు చూసినారు. చూరు నీళ్లు ఒక్కటే పడతా ఉన్నాయి.

"లేదన్నా" అనింది కరుణమ్మ. ఆమె చేతిలో ఇంకా రెండు గ్లాసులున్నాయి. ఒకటి యల్లయ్యకు ఇచ్చింది. "మూడో రోజు పోయినాడు. మాట రాలేదు. నల్ల గొంగడి, అంచుకు ఎర్ర దారం. మా ఇంట్లోనే ఉంది. ఎవరిదో ఇన్నేండ్లు తెలీలేదు."

"నాదేనమ్మా" అన్నాడు యల్లయ్య.

ఆమె రెండో గ్లాసు కింద పెట్టి, సంజీవరావు ఎదురుగా వచ్చి నిలబడింది. కరుణమ్మ మగవాళ్ల ఎదురుగా నిలబడడం నేను అదే చూడడం. గొంతు కూడా పెంచలేదు.

"సంజీవన్నా, మళ్లా చెప్పు. మొదటి నుంచి చెప్పు. ఈసారి ఎలుగుబంటి లేకుండా చెప్పు."

"అది కాదు చెల్లెమ్మా, ఈయన చూసింది వేరే ఎవరినో..." అని సంజీవరావు నవ్వబోయినాడు. చుట్టూ చూసినాడు. దావీదు నేల చూస్తా ఉన్నాడు. నిత్యానందం టీ తాగకుండా పట్టుకొని ఉన్నాడు. సంజీవరావు కాళ్లు ముడుచుకున్నాడు. గ్లాసు అంచు తుడిచినాడు.

"నంద్యాలలోనే జ్వరం వచ్చింది మోషేకు" అన్నాడు. "ఒక రోజు ఆగి పోదామన్నాడు. పోతా ఉంటే గాలికి తగ్గిపోతుందిలే అంటి."

"ఊఁ."

"కనుమ నెట్టుకుంటానే ఎక్కినాం. దిగేటప్పుడు పాట ఎత్తుకున్నాడు. నేను ఏదో కథ చెప్తా ఉంటి. పాట ఆపు మోషే, నా మాట నాకే వినపడడం లేదంటి. ఆపినాడు."

"తర్వాత?"

"అన్నా దిగుదాం, కండ్లు తిరగతా ఉండాయి అన్నాడు. ఈ ముక్క అయిపోతుంది, ఆపుతా అంటి. మళ్లా అన్నాడు. నేను..." ఆయన కుడి చెయ్యి తెరిచి చూసుకున్నాడు. "బ్రేకు నా చేతి కిందే ఉంది చెల్లెమ్మా. పట్టలేదు. ఆ తర్వాత మోషే ఏమీ అనలేదు. వింటా ఉన్నాడనుకుంటి. ఒకచోట సైకిలు తుళ్లింది, రాయి అనుకుంటి. దిగుడు గదా, కాళ్లు ఊరికే ఆడిస్తే చాలు, బరువు తెలీలేదు. చెప్తానే పోయినా."

"ఎక్కడ చూసుకుంటివి?"

"దిగువమెట్ట బావి కాడ. నీళ్లకని ఆపినా. దిగు మోషే అంటి." గోడ కాడి సైకిలు దిక్కు చూసినాడు. "నేను వెనక్కి పొయ్యేసరికి బండ్లు ఎదురొచ్చినాయి, ఒకదాంట్లో ఉన్నాడు. దొర అడిగినాడు ఎట్ల జరిగిందని. ఎలుగుబంటిని చూసి దూకినాడంటి. ఒక్కసారే చెప్పాలనుకుంటి చెల్లెమ్మా. వీళ్లు మళ్లా చెప్పమన్నారు. నవ్వినారు. నవ్వతా ఉంటే నాకు ఆ పొద్దు జరిగింది కూడా అట్లనే అయి ఉంటుందిలే అనిపించేది."

కథ అయిపోయింది. రైలూ సొరంగమూ పులీ అన్నీ కలిపి గంట పట్టే కథ, ఒక గ్లాసు టీ చల్లారే లోపల అయిపోయింది. ఆయన కరుణమ్మ కాళ్ల దిక్కు చెయ్యి చాపినాడు. ఆమె వెనక్కి జరిగింది. తిట్టుంటే మాకు కూడా కొంచెం తేలికగా ఉండేదేమో.

ఆమె వరండాలోని మనుషుల దిక్కు తిరిగింది. దావీదును చూసింది, నిత్యానందాన్ని చూసింది, గుంజ పక్కన నిలబడిన నన్ను కూడా చూసింది. నేనూ ఏటేటా నవ్వినదాన్నే. తల వంచుకున్నా.

"వింటిరి గదా అందరూ" అనింది కరుణమ్మ. "ఆయన దూకలేదు. దిగుదామని అడిగినాడు, రెండు సార్లు."

"వింటిమమ్మా" అన్నాడు దావీదు.

"అయితే లేచి రండి. సెలవులకు ఇండ్లకు పోని బోర్డింగు పిల్లోళ్లు అన్నాలకు కూచున్నారు, మా ప్రేమకుమారి కూడా ఆడనే ఉంది. ఈ మాట మీ నోటితో చెప్పండి. నేను చెప్తే నమ్మరు."

అందరికన్నా ముందు గొర్రెల యల్లయ్య కదిలినాడు. తర్వాత దావీదు లేచినాడు. సంజీవరావు లేవలేక గోడ పట్టుకుంటే, రెక్క పట్టి లేపింది కరుణమ్మే.